వాలు ఒకవైపు, హద్దు మరోవైపు: సిమ్లా జిల్లా నీటి పటంపై ఒక కేస్ స్టడీ

2018 మే నెలాఖరులో సిమ్లా నగరానికి రోజూ కావలసిన సుమారు 4.2 కోట్ల లీటర్ల నీటికి గాను 2.2 కోట్ల లీటర్లే చేరే స్థితి వచ్చింది. కొన్ని పేటల్లో వారం దాటినా కుళాయి తడవలేదు. పర్యాటకులు కొంతకాలం రావద్దని ఊరివాళ్లే వేడుకున్నారు. రాష్ట్ర హైకోర్టు జోక్యం చేసుకుని నిర్మాణ పనులనూ కార్లు కడగడాన్నీ కొద్దిరోజులపాటు ఆపించింది. ఆ వేసవి ముగిశాక నగర నీటి వనరులను, మురుగు దారులను ఒకే పటం మీద చూపించే పనిని ఒక సంస్థ మా చిన్న బృందానికి అప్పగించింది. ఆ పనిలో మేం చేసిన ఒక పొరపాటునూ, దాన్ని దిద్దుకునే క్రమంలో ఆ జిల్లా గురించి తెలుసుకున్నదానినీ ఇక్కడ నమోదు చేస్తున్నాను. కొండ జిల్లాల్లో ఇటువంటి పనికి దిగేవారికి ఇది అక్కరకొస్తుందని నా నమ్మకం.

నేను కృష్ణా డెల్టాలో పని నేర్చుకున్నవాణ్ణి. అక్కడ కాలువ ఏ మండలం దాటి ఏ మండలంలోకి పోయినా నీరు మాత్రం సముద్రం వైపే నడుస్తుంది. ఎగువ ఎవరో, దిగువ ఎవరో అందరికీ తెలుసు. సిమ్లాలో నాకు మొదట అర్థం కానిది ఇదే. ఆ ఊరికి ఎగువ లేదు. ఊరే ఎగువ.

కొండ వెన్ను మీది రాజధాని

సముద్రమట్టానికి సుమారు 2200 మీటర్ల ఎత్తున, తూర్పు పడమరలుగా సాగిన ఒక కొండ వెన్నును పట్టుకుని సిమ్లా పెరిగింది. ఊరి నడిబొడ్డున అందరూ సాయంత్రాలు తిరిగే విశాలమైన చదునును ‘రిడ్జ్’ అనే పిలుస్తారు. ఆ చదును ఉత్తర భారతపు జలవిభాజక రేఖ మీద ఉంది. దాని ఉత్తరపు వాలున పడిన చినుకు నౌటీ ఖడ్డ్ వంటి వాగుల్లో దిగి సత్లజ్‌లో కలిసి, సింధు నది మీదుగా అరేబియా సముద్రానికి చేరుతుంది. దక్షిణపు వాలున పడిన చినుకు అశ్వనీ ఖడ్డ్‌లోకి, అక్కణ్ణుంచి గిరి నదిలోకి, యమునా గంగల మీదుగా బంగాళాఖాతానికి వెళుతుంది. బ్రిటిష్ కాలంలో కట్టిన పెద్ద నీటి తొట్టి ఒకటి ఆ చదును అడుగునే ఉంది. మధ్య బజారులోని ఇళ్లకు నీరు అక్కణ్ణుంచే దిగుతుంది.

ఆ తొట్టిని నింపే నీరు చాలావరకు కింది నుంచి రావాలి. సియోగ్ అడవిలోని పాత వనరు నుంచి మాత్రం నీరు వాలు మీదనే నడిచి వస్తుంది. ఆ అడవిని నీటికోసమే కాపాడి తరువాత అభయారణ్యంగా ప్రకటించారు. తక్కిన పెద్ద వనరులన్నీ లోయల్లోనే ఉన్నాయి. నౌటీ ఖడ్డ్ మీది గుమ్మా ఉత్తరాన సత్లజ్ పరీవాహకంలో ఉండగా, గిరి నది తూర్పున యమున పరీవాహకంలో ఉంది. నగర సరఫరాకు ఈ రెండూ ప్రధానం. రెండుచోట్లా నీటిని పంపులతో దశలు దశలుగా కొండెక్కిస్తారు. నీరు కరెంటు బిల్లుతో పైకెక్కుతుంది, మురుగు మాత్రం ఏ ఖర్చూ లేకుండా కిందికి దిగుతుంది. మురుగు శుద్ధి కేంద్రాలు ఒకటీ రెండూ కాక ఆరు కట్టవలసి రావడానికి కారణమూ ఈ వాలులే. ఒక వాలు మురుగును మరో వాలుకు తేవాలంటే వెన్ను దాటించాలి కనుక, ఏ వాలుకు ఆ వాలుకే కేంద్రాలు ఏర్పడ్డాయి.

జిల్లాను మొత్తంగా చూస్తే 5131 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో, సున్నీ దగ్గర సత్లజ్ ఒడ్డున సుమారు 650 మీటర్ల ఎత్తు నుంచి తూర్పున నాలుగు వేల మీటర్లు దాటిన చాంశల్ శిఖరాల దాకా నేల లేస్తుంది. సత్లజ్, గిరి, పబ్బర్ అనే మూడు నదులు దాన్ని పంచుకున్నాయి. పబ్బర్ రోహ్డూ పట్టణం మీదుగా పారి యమున ఉపనది అయిన టోన్స్‌లో కలుస్తుంది. 2011 లెక్కల్లో జిల్లా జనాభా ఎనిమిది లక్షల పైచిలుకు. అందులో నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నది సుమారు 1,70,000. తక్కినవారు ఎక్కువగా ఆపిల్ తోటల ఊళ్లలో, నిటారు వాలుల మీద మెట్లు మెట్లుగా తీర్చిన పొలాల మధ్య ఉంటారు.

హద్దులు ఎలా వచ్చాయి

ఇంత వంకరటింకర నేలను ఒక జిల్లాగా పాలించడం ఈనాటి ఏర్పాటు కాదు, కానీ ఇప్పుడున్న హద్దులు మాత్రం అంత పాతవి కావు. 1864లో సిమ్లాను బ్రిటిష్ ఇండియా వేసవి రాజధానిగా ఎంచుకున్నప్పుడు దాని చుట్టూ ఉన్నవన్నీ చిన్న చిన్న పహాడీ సంస్థానాలు. బ్రిటిష్‌వారి చేతిలో నేరుగా ఉన్న భూమి కొద్దిపాటిదే. 1948 ఏప్రిల్ 15న ఆ సంస్థానాలను కలిపి హిమాచల్ ప్రదేశ్‌ను ఏర్పరచినా, సిమ్లా నగరం మాత్రం పంజాబ్‌లోనే ఉండిపోయింది. చండీగఢ్ సిద్ధమయ్యేవరకు ఆ రాష్ట్రానికి రాజధానిగానూ ఉంది. 1966 నవంబర్ 1న పంజాబ్ పునర్వ్యవస్థీకరణతో అది హిమాచల్‌కు వచ్చింది. 1971 జనవరి 25న హిమాచల్ పూర్తి రాష్ట్రమైంది. 1972 సెప్టెంబర్ 1న జిల్లాలను తిరగరాసి, పాత మహాసూ జిల్లాలోని అధిక భాగాన్ని సిమ్లాలో కలిపారు. అదే రోజున సోలన్ జిల్లా పుట్టింది. మహాసూ నుంచి సోలన్, అర్కీ తహసీళ్లను, అప్పటి సిమ్లా జిల్లా నుంచి కండాఘాట్, నాలాగఢ్ తహసీళ్లను తీసి దానికిచ్చారు.

ఈ చివరి వాక్యం మా కేసుకు కీలకం. అశ్వనీ ఖడ్డ్ సిమ్లా దక్షిణపు వాలుల్లో పుట్టి కండాఘాట్ తహసీల్‌లోని సాధుపుల్ వైపు దిగుతుంది. అంటే 1972కు ముందు సిమ్లా నగరమూ, వాగు కండాఘాట్ భాగమూ ఒకే జిల్లాలో ఉండేవి. ఆ తరువాత వాటి మధ్య జిల్లా గీత పడింది.

పాలన యంత్రాంగం గురించి తెలుగు పాఠకులకు కొంత వివరణ అవసరం. మన కలెక్టర్‌ను అక్కడ డిప్యూటీ కమిషనర్ అంటారు. ఆయన కింద సబ్ డివిజన్లకు ఎస్‌డీఎంలు (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్లు), తహసీళ్లకు తహసీల్దార్లు, ఆ కింద పట్వారీలు, వారి పనిని చూసే కానుంగోలు ఉంటారు. 1980లలో మన దగ్గర రద్దయిన పట్వారీ అక్కడ ఇప్పటికీ భూమి లెక్కకు ఆధారం. నాలుగు జిల్లాల సిమ్లా డివిజన్‌కు కమిషనర్ ఉంటారు. సిమ్లాతోపాటు సోలన్, సిర్మౌర్, కిన్నౌర్ దాని కిందికి వస్తాయి. జిల్లాలో ఎనిమిది అసెంబ్లీ నియోజకవర్గాలుండగా, వాటిలో రాంపూర్ సిమ్లా లోక్‌సభ స్థానంలో కాక మండీ స్థానంలో ఉంది. నగరంలోకి వస్తే నగరపాలక సంస్థ ఒకటి, దాని చుట్టూ కుఫ్రీ, శోఘీ, ఘణాహట్టీల దాకా విస్తరించిన ప్రణాళికా ప్రాంతాన్ని చూసే పట్టణ, గ్రామ ప్రణాళికా శాఖ మరొకటి, అడవికి అటవీ శాఖ, జుతోగ్‌లో సైనిక కంటోన్మెంట్, కాల్కా నుంచి వచ్చే చిన్న రైలు మార్గానికి అంబాలా రైల్వే డివిజన్. వీరిలో ప్రతి ఒక్కరి దగ్గరా తమ హద్దు గీసిన పటం ఉంది. అన్ని హద్దులూ ఒకచోట కనిపించే పటం మాత్రం మాకు ఎక్కడా దొరకలేదు.

మా పొరపాటు

పని ఒప్పుకున్న వెంటనే మేం అందరూ చేసేదే చేశాం. ఉపగ్రహ సమాచారం నుంచి 30 మీటర్ల నేల ఎత్తుల నమూనాను తీసుకుని, దాన్ని జిల్లా హద్దు వెంట కత్తిరించి, లోపల మిగిలిన దానిమీద నీటి దారులను గీయించాం. కంప్యూటర్ మీద పటం చక్కగా వచ్చింది. వనరులకు నీలి చుక్కలు, శుద్ధి కేంద్రాలకు గోధుమ రంగు చుక్కలు పెట్టి, తొలి ముసాయిదాను చేతబట్టుకుని క్షేత్రానికి వెళ్లాం.

అక్కడ మాకు దారి చూపింది ఒక వృద్ధ కీమ్యాన్. సిమ్లాలో ఏ పేటకు ఎప్పుడు నీరు వదలాలో చూసి వాల్వులు తిప్పే ఉద్యోగిని కీమ్యాన్ అంటారు. ఏ గొట్టం ఏ ఇంటి కింద నుంచి వెళుతుందో వారికి తెలిసినట్టు ఏ ఇంజనీరుకూ తెలియదు. ఆయన మా పటాన్ని గోడ మీద పరచి చాలాసేపు చూసి, దక్షిణపు అంచు మీద వేలు పెట్టారు. “సాహబ్, మీరు అశ్వనీని ఇక్కడ ఆపేశారు. కింద సోలన్ వాళ్లు తాగుతున్నారే” అన్నారు. మేం పటాన్ని కత్తిరించిన చోటది. వాగు మా కాగితం మీద మాత్రమే ఆగింది.

ఆ ఒక్క మాటతో ముసాయిదాను పక్కన పెట్టాం. జిల్లా గీతను తీసివేసి, నదీ పరీవాహకాల హద్దుతో మళ్లీ మొదలుపెట్టాం. పాలనా హద్దులను చివరన, పైపొరగా పరిచాం. చెప్పడానికి ఇది చిన్న మార్పే. కానీ ఆ వరుస మారడంతో ఏ వాగు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతున్నదో మొదటిసారి కంటికి కనిపించింది.

రెండో పాఠం నేల మీద నడిచినప్పుడు తెలిసింది. దేవదారు అడవి దట్టంగా ఉన్నచోట ఉపగ్రహం కొలిచేది నేలను కాదు, చెట్ల నెత్తిని. అందువల్ల కంప్యూటర్ గీసిన నీటి దారి కొన్నిచోట్ల అసలు నాలాకు పక్కగా పడింది. అంతకంటే పెద్ద తేడాకు రోడ్లు కారణం. కొండను అడ్డంగా కోసి వేసిన ప్రతి రోడ్డూ పై వాలు నీటిని తన కాలువలోకి పట్టి, ఏ మోరీ దగ్గర వీలైతే అక్కడ కిందికి వదులుతుంది. ఒక నాలాకు చెందిన వాన నీరు ఆ విధంగా పక్క నాలాలోకి పోతుంది. ఈ మోరీలను ఒక్కొక్కటిగా జీపీఎస్‌తో గుర్తించడానికే మా సమయంలో ఎక్కువ భాగం పోయింది. ఆ సమయం వృథా అయిందని మాకు ఎన్నడూ అనిపించలేదు.

పట్వారీల దగ్గర ‘లఠ్ఠా’ అనే గుడ్డ పటం ఉంటుంది. పాత దస్తావేజులు ఉర్దూలో ఉన్నాయి. ఆ గుడ్డ మీది గీతలను ఉపగ్రహ పటం మీదికి తేవడానికి ఇద్దరు పట్వారీలు మాతోపాటు వాగుల వెంట నడిచారు. ఒకరు హద్దు రాయి ఏదో చూపగలిగారు. మరొకరి పరిధిలో రాయి ఎప్పుడో కొట్టుకుపోయింది.

అశ్వనీ ఖడ్డ్

పటం సరిదిద్దాక అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఈ వాగు మీదనే. 2015 డిసెంబర్ నుంచి 2016 తొలి నెలల దాకా సిమ్లాలో కామెర్లు వ్యాపించాయి, మరణాలూ సంభవించాయి. మల్యాణా మురుగు శుద్ధి కేంద్రం నుంచి సరిగా శుద్ధికాని నీరు అశ్వనీలో కలుస్తున్నదని, దానికి దిగువనే తాగునీటిని తోడుతున్నారని ఆనాడు బయటపడింది. కసుంప్టీ, న్యూ సిమ్లా, వికాస్‌నగర్ వంటి దక్షిణపు పేటలకు ఆ నీరే వెళ్లేది. 2016 జనవరిలో ఆ వనరును ఆపేశారు. నగరం ఒక వనరును కోల్పోవడం 2018 కొరతను మరింత తీవ్రం చేసింది.

ఆ ఘటనను చాలామంది ఒక శుద్ధి కేంద్రం వైఫల్యంగానే చూస్తారు. కేంద్రం సరిగా నడిచి ఉంటే ప్రాణాలు పోయేవి కావన్నది నిజమే. కానీ మా పటం ఇంకో సంగతి చూపింది. శుద్ధి కేంద్రమూ, తోడే చోటూ ఒకే జిల్లాలో, ఒకే వాగు మీద, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అప్పట్లో వనరు దగ్గర నీటిని తోడే బాధ్యత రాష్ట్ర శాఖది, ఇళ్లకు పంచే బాధ్యత నగరపాలక సంస్థది. తోడేవారూ పంచేవారూ వేరైనప్పుడు మధ్యలో నీటిని పరీక్షించి ఆపే అధికారం ఎవరిదో తేలదు. 2016లో నీటినీ మురుగునూ ఒకే విభాగం కిందికి తెచ్చి, 2018లో సిమ్లా జల్ ప్రబంధన్ నిగమ్ అనే కంపెనీని ఏర్పరచడం ఈ చీలికను పూడ్చిన సరైన అడుగని నా అభిప్రాయం.

అయితే ఆ పూడిక నగరం దాకానే. వాగు కిందికి పోయి జిల్లా దాటాక అదే అశ్వనీ సోలన్ పట్టణానికి ఒక నీటి వనరు. అక్కడి ప్రజలు సిమ్లా నగరపాలక సంస్థకు ఓటు వేయరు, ఆ కంపెనీకి బిల్లు కట్టరు, సిమ్లా డిప్యూటీ కమిషనర్ దగ్గర వారి అర్జీ నడవదు. పైవాడి మురుగు వారి తాగునీటి మీద పడితే ఇద్దరికీ ఉమ్మడి అధికారి డివిజనల్ కమిషనర్, ఆ పైన రాష్ట్ర ప్రభుత్వం.

గిరి ఎగువ, సత్లజ్ ఒడ్డు

గిరి వైపు కథ తిరగబడుతుంది. అక్కడ దిగువన నిలబడి చేయి చాపేది సిమ్లా. గిరి కోట్‌ఖాయ్ పైనున్న కూపర్ శిఖరం దగ్గర పుట్టి ఠియోగ్ వైపు దిగుతుంది. ఎగువన ఉన్న రైతులకు ఆ వాగులే సేద్యపు నీరు. మే నెలలో నగరంలో పర్యాటకులు నిండే రోజులే వారికి కూరగాయల పంటకు తడి అందవలసిన రోజులు. 2018లో ఎగువ సేద్యాన్ని అదుపుచేసే ప్రయత్నాలు జరిగినప్పుడు రైతులకు కోపం రావడంలో అన్యాయమేమీ లేదు. ఎండాకాలం ఎవరికి ఎంత అన్నది కొరత రోజున పోలీసుల సాయంతో తేల్చేది కాదు. శీతాకాలంలో మంచు ఎంత పడిందో చూసుకుని ఫిబ్రవరిలోనే కూర్చుని మాట్లాడుకోవలసినది. 2017-18 శీతాకాలంలో మంచు తక్కువ పడిందన్నది అప్పటికి అందరూ చూసిందే.

సత్లజ్ వెంట హద్దు ఇంకో రూపంలో కనిపిస్తుంది. రాంపూర్ దగ్గర నదికి ఈవలిది సిమ్లా, ఆవలిది కులూ. ఆవలి ఒడ్డున ఉన్న నిర్మండ్ ప్రాంతం వారు తమ జిల్లా కేంద్రానికి పోవాలంటే మూడు వేల మీటర్లకు పైబడిన జలోడీ కనుమ దాటాలి. ఆస్పత్రికీ బజారుకూ రాంపూర్ దగ్గర. 2024 జూలై 31 రాత్రి అక్కడి సమేజ్ ఖడ్డ్‌లో వచ్చిన హఠాత్తు వరదలో సమేజ్ గ్రామం నుంచి ముప్ఫైమందికి పైగా కొట్టుకుపోయారు. ఆ చోట నది కాక ఆ వాగే రెండు జిల్లాలకూ హద్దు. గల్లంతైన వారికోసం రెండు జిల్లాల యంత్రాంగాలూ కలిసి సత్లజ్ వెంట చాలా దూరం వెతకవలసి వచ్చింది. మా పని ముగిసిన చాలాకాలానికి జరిగిన ఘటన ఇది. ఆ వార్త చదివిన రోజు నేను మా పాత పటం తీసి ఆ వాగును వెతికాను. మా పరిధి నగర వనరులకే పరిమితం కనుక దాని పేరు మా పట్టికలో లేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మేం ఇచ్చినది

చివరకు మేం అప్పగించినవి రెండు. ఒకటి, పరీవాహకాల ఆధారంగా గీసిన పటం. రెండోది, నీరు లేదా మురుగు ఒక పరిధి దాటి మరో పరిధిలోకి అడుగుపెట్టే ప్రతి చోటికీ ఒక వరుస ఉన్న పట్టిక. ప్రతి వరుసలో ఆ చోటు పేరు, పైన బాధ్యుడైన అధికారి హోదా, కింద బాధ్యుడైన అధికారి హోదా, నీటి పరీక్ష ఎవరు చేస్తారు, ఫలితం ఎవరికి తెలియాలి అన్నవి రాశాం. నా దృష్టిలో పటం కంటే పట్టికే ముఖ్యం, ఎందుకంటే విపత్తు రోజున ఎవరూ పటం చదవరు, ఫోన్ ఎవరికి చేయాలో వెతుకుతారు. పని అప్పగించిన సంస్థ పటాన్ని నివేదిక ముఖభాగంలో వేసి, పట్టికను అనుబంధంలోకి పంపింది. దాన్ని ముందుకు తేవాలని మేం రాతపూర్వకంగా కోరాం. నివేదిక అలాగే వెలువడింది. ఇటువంటి పని మళ్లీ వస్తే పట్టికను ముందు పెట్టాలన్న షరతును ఒప్పందంలోనే రాయిస్తాను.

ఇప్పుడు ఆ పట్టికను మళ్లీ తెరవవలసిన కారణం ఒకటుంది. సున్నీ దగ్గర శక్రోడీ వద్ద సత్లజ్ నీటిని తోడి, సుమారు 1.6 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కించి, రోజుకు 6.7 కోట్ల లీటర్లు నగరంలోని సంజౌలీకి తేవాలన్నది నగర భవిష్యత్తుకోసం చేపట్టిన పథకం. కొరతను చూసినవారెవరూ దాన్ని కాదనలేరు, నేనూ కాదనను. కానీ ఆ నీరు వెన్ను ఎక్కాక ఎటు దిగుతుందో కూడా చూడాలి. నగరంలో దక్షిణపు పేటలు విస్తరించాయి. అక్కడి ఇళ్లలో వాడిన సత్లజ్ నీరు తిరిగి సత్లజ్‌కు పోదు; మురుగై అశ్వనీ వైపు దిగుతుంది. ఒక సముద్రానికి పోవలసిన నీరు మరో సముద్రానికి మళ్లుతుంది, దారిలో కండాఘాట్, సోలన్ తగులుతాయి. వచ్చే నీటికి తగ్గట్టు దక్షిణపు వాలు శుద్ధి కేంద్రాల సామర్థ్యం ముందుగా పెరగాలి, ఆ నీటి పరీక్షల ఫలితం ప్రతి వారం సోలన్ జిల్లా యంత్రాంగానికి చేరాలి. మా పట్టికలో అశ్వనీ జిల్లా గీత దాటే చోటికి రాసిన వరుసలో ‘ఫలితం ఎవరికి తెలియాలి’ అన్న గడిని మేం ఖాళీగా వదిలాం, ఎందుకంటే మేం అడిగిన ఏ కార్యాలయంలోనూ దానికి ఒక హోదా చెప్పలేకపోయారు.